మన ఎమ్మెల్యే ఎవరో సచివాలయం గోడ మీద రాసి ఉండాలి

చీమకుర్తిలో ఇల్లున్న మనిషిని తీసుకోండి. గెలాక్సీ గ్రానైట్ పుణ్యమా అని ఎక్కడెక్కడి దేశాలకో తెలిసిన ఊరు. జిల్లా ప్రకాశం, కలెక్టరు కూర్చునేది ఒంగోలులో. ఒంగోలు బస్సెక్కితే గంటలోపు దిగొచ్చు. కానీ ఆయన ఎంపీ ఒంగోలు ఎంపీ కాదు, బాపట్ల ఎంపీ. ఎమ్మెల్యే సంతనూతలపాడు ఎమ్మెల్యే. ఇటు నెల్లూరు వైపు రండి. కృష్ణపట్నం పోర్టు ఉన్న ముత్తుకూరు మండలం నెల్లూరు టౌను నుంచి ఆటోలో పోయొచ్చే దూరం. అక్కడివాళ్ళ ఎమ్మెల్యే సర్వేపల్లి ఎమ్మెల్యే, ఎంపీ తిరుపతి ఎంపీ. నెల్లూరు ఎంపీకి వాళ్ళు ఓటు వెయ్యలేదు, వెయ్యాలన్నా కుదరదు.

ఇవి ఎక్కడో అడవి అంచున ఉన్న ఊళ్ళు కూడా కావు. ఒకటి గ్రానైట్‌కు, ఇంకొకటి ఓడరేవుకు పేరుపడ్డ చోట్లు. అక్కడే పరిస్థితి ఇలా ఉంటే మిగతా పల్లెల సంగతి చెప్పేదేముంది?

నేను అడిగేది ఒక్కటే. ఏ ఇంటికి ఏ ప్రతినిధి జవాబుదారో చెప్పే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. ప్రతి గ్రామ సచివాలయం, వార్డు సచివాలయం గోడ మీద ఆ ఊరి అసెంబ్లీ నియోజకవర్గం, పార్లమెంటు నియోజకవర్గం, ఎమ్మెల్యే పేరు, ఎంపీ పేరు, ఎమ్మెల్సీల పేర్లు, వాళ్ళ ఆఫీసు చిరునామా, ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. దీన్ని జనం ఎలాగో తెలుసుకోవాల్సిన జనరల్ నాలెడ్జ్ కింద వదిలేయడం తప్పు.

ఈ గందరగోళం జనం తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. జిల్లా హద్దు గీసేది ఒకరు, నియోజకవర్గం హద్దు గీసేది ఇంకొకరు. రెండింటికీ కాలం కలవదు. ఇప్పుడున్న అసెంబ్లీ సీట్ల హద్దులు జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) కమిషన్ 2001 జనాభా లెక్కల మీద గీసినవి. 2009 ఎన్నికల్లో మన దగ్గర అమల్లోకి వచ్చాయి. వాటిని రాష్ట్ర ప్రభుత్వం ముట్టుకోలేదు. జిల్లా హద్దు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో జరపగలదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయింది అలాగే.

కందుకూరు సంగతి చూడండి. 1970 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కందుకూరు అటు వెళ్ళింది. యాభై ఏళ్ళు ప్రకాశం జిల్లా అని చెప్పుకున్నాక 2022లో మళ్ళీ నెల్లూరు అన్నారు. తిరిగి ప్రకాశంలో కలపమన్న మాట ఆ రోజు నుంచే మొదలైంది. ఉలవపాడు రైతుకు ఒంగోలు దగ్గర, నెల్లూరు దాదాపు రెట్టింపు దూరం. అప్పటి ఆయన బాధలో న్యాయం ఉంది. కలెక్టరాఫీసు ఎన్ని ఊళ్ళు మారినా ఆయన ఓటు మాత్రం కందుకూరు అసెంబ్లీలోనే ఉంది. ఇది ఆయనకు ఎవరైనా కాగితం మీద చూపించారా? మార్కాపురం జిల్లా కోసం పశ్చిమ ప్రాంతం ఏళ్ళ తరబడి అడిగింది. జిల్లా కావాలన్న ఆ పట్టుదలకు నా పూర్తి మద్దతు. ఎర్రగొండపాలెం నుంచి ఒక సంతకం కోసం ఒంగోలు దాకా పోవడం ఏమిటో పోయినవాళ్ళకే తెలుసు. కానీ జిల్లా మారినంత మాత్రాన ఎమ్మెల్యే మారడని, ఎంపీ మారడని చెప్పే బోర్డు కూడా జిల్లా బోర్డుతో పాటే రావాలి.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు పడింది రాపూరు, కలువాయి, సైదాపురం మండలాల వాళ్ళు. ఒకప్పుడు రాపూరు పేరుతోనే అసెంబ్లీ సీటు ఉండేది. 2008 పునర్విభజనలో అది పోయింది, అల్లూరు సీటు కూడా పోయింది. రాపూరు వెంకటగిరి నియోజకవర్గంలో కలిసింది. వెంకటగిరి తిరుపతి పార్లమెంటు కిందికి వస్తుంది. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు వెంకటగిరి, డక్కిలి, బాలాయపల్లి మండలాలు తిరుపతి జిల్లాకు వెళ్ళాయి. పై మూడు మండలాలూ నెల్లూరులోనే ఉండిపోయాయి. అంటే ఒకే ఎమ్మెల్యే, రెండు జిల్లాలు, ఇద్దరు కలెక్టర్లు. అదీగాక జిల్లా పరిషత్తులను అప్పుడు విడగొట్టలేదు, పాత 13 జిల్లాల లెక్కనే నడిచాయి. కలెక్టరు ఒక లెక్క, జెడ్పీ ఒక లెక్క, అసెంబ్లీ ఒక లెక్క, పార్లమెంటు ఒక లెక్క.

మా చిన్నాయన వాళ్ళది రాపూరు వైపు పల్లె. వానలకు ఊరి వాగు మీద చప్టా కోసుకుపోయింది. బడి పిల్లలు, పాలక్యాన్ల వాళ్ళు చుట్టు దారిన పోవాల్సి వస్తోంది. అర్జీ రాద్దాం రమ్మంటే పోయాను. ఆయన తెల్లకాగితం ఎడమ అంచు మడిచి, గోటితో గీత నొక్కి, 'గౌరవనీయులైన' వరకు గుండ్రంగా రాసి పెన్ను ఆపాడు.

"ఎవరికని రాసేది రా?"

అరుగు మీద కూర్చున్న ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. ఒకాయన పాత రాపూరు సీటు నాటి నాయకుడి పేరు చెప్పాడు. ఇంకొకాయన జిల్లాలో మంత్రిగా ఉన్నాయన పేరు. మూడో ఆయన తన పార్టీ ఇన్‌ఛార్జ్ పేరు. చిన్నాయన ఇంట్లోకి పోయి ఓటరు కార్డు తెచ్చాడు. వెనక్కి తిప్పితే, గీతలు పడ్డ ప్లాస్టిక్ కింద సన్నటి అక్షరాల్లో 122, వెంకటగిరి అని ఉంది. ఇన్నేళ్ళు ఓటు వేసిన మనిషి ఆ కార్డు వెనకవైపు అది ఉంటుందని చూడలేదు. చూడమని ఆయనకు చెప్పినవాళ్ళూ లేరు. ఎన్నికలప్పుడు స్లిప్పు ఇచ్చి బూత్ ఎక్కడో చెబుతారు గానీ, గెలిచినాయన దగ్గరికి పోవడానికి స్లిప్పు ఎవరూ ఇవ్వరు.

అప్పటికే ఊరివాళ్ళు ఒకసారి నెల్లూరులో ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకు పోయొచ్చారు. పొద్దున బస్సుకు పోతే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, 'ఇది మా నియోజకవర్గం కింద రాదు' అని కాగితం తిరిగి చేతిలో పెట్టారు. మర్యాదగానే చెప్పారట. మరి ఎవరి కింద వస్తుందో మాత్రం చెప్పలేదు. ఒక కూలి రోజు పోయింది, బస్సు చార్జీలు పోయాయి. చప్టా పోయిందన్న బాధ కన్నా, ఎవరిని అడగాలో తెలియకపోయిందే అన్న సిగ్గు వాళ్ళ మొహాల్లో ఎక్కువ కనిపించింది. ఆ సిగ్గు పడాల్సింది వాళ్ళు కాదు.

నెల్లూరు టౌనులోనే ఇంకో తిరకాసు. 2008లో నెల్లూరు సీటును సిటీ, రూరల్ అని రెండు చేశారు. కార్పొరేషన్ డివిజన్లలో దాదాపు సగం రూరల్ సీటులో ఉన్నాయి. మేడలు, షాపులు, ట్రాఫిక్ మధ్య అద్దెకుండే కుర్రాడికి తను రూరల్ నియోజకవర్గంలో ఉన్నానని ఎలా తోస్తుంది? కాలువ పొంగిందనో, వీధి లైటు లేదనో సిటీ ఎమ్మెల్యే పేరు ట్యాగ్ చేసి పోస్టు పెడతాడు. పోస్టుకు లైకులు వస్తాయి, కాలువ అలాగే ఉంటుంది.

"ఎమ్మెల్యే ఎవరో తెలియనివాడు ఉంటాడా? సెంటరుకో ఫ్లెక్సీ ఉందిగా" అని నాతో వాదించినవాళ్ళున్నారు. ఫ్లెక్సీలే ఈ గందరగోళాన్ని పెంచుతున్నాయని నా అభిప్రాయం. ఫ్లెక్సీ మీద గెలిచినాయన ఉంటాడు, ఓడినాయన ఉంటాడు, పక్క నియోజకవర్గం నాయకుడు పుట్టినరోజు పేరుతో ఉంటాడు. అన్నిటికన్నా పెద్దగా 'నియోజకవర్గ ఇన్‌ఛార్జ్' ఉంటాడు. ఇన్‌ఛార్జ్ పార్టీ పెట్టుకున్న మనిషి. రాజ్యాంగంలో ఆ పదవి లేదు, అసెంబ్లీలో ఆయనకు కుర్చీ లేదు. నెల్లూరు జిల్లా దీన్ని దగ్గర్నుంచి చూసింది. 2023 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేస్తే వాళ్ళలో ముగ్గురు ఈ జిల్లావాళ్ళే: వెంకటగిరి, నెల్లూరు రూరల్, ఉదయగిరి. జనం ఎన్నుకున్నాయన ఒకరు, పార్టీ తరఫున పనులు చూసే ఇన్‌ఛార్జ్ వేరొకరు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ ఇద్దరు మనుషుల పద్ధతి ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది, అందుకే దీన్ని ఒక పార్టీ తప్పుగా చెప్పడం లేదు. పింఛను ఆగిపోయిన ముసలమ్మ ఎవరి గుమ్మం ఎక్కాలో ప్రభుత్వ బోర్డు చెప్పకపోతే పార్టీ ఫ్లెక్సీ చెబుతుంది. నాకు దాని మీదే అభ్యంతరం.

అసలు సీటే ఖాళీ అయితే? 2022 ఫిబ్రవరి 21న ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి హఠాత్తుగా కన్నుమూశారు. ఉప ఎన్నిక జూన్ 23న జరిగింది. ఆ నాలుగు నెలలు ఆత్మకూరు వాళ్ళకు ఎమ్మెల్యే లేడు. బోర్డు ఉంటే అలాంటి రోజుల్లో 'సీటు ఖాళీగా ఉంది, ఫలానా తేదీన ఎన్నిక' అని రాయొచ్చు. అది కూడా జనం తెలుసుకోవాల్సిన విషయమే.

ఎమ్మెల్సీల మాట ఎత్తితే చదువుకున్నవాళ్ళు కూడా తడబడతారు. మన శాసనమండలిలో 58 మంది ఉంటారు. అందులో పట్టభద్రులు ఎన్నుకునేవాళ్ళు ఐదుగురు, టీచర్లు ఎన్నుకునేవాళ్ళు ఐదుగురు. మనది ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిసిన నియోజకవర్గం, తూర్పు రాయలసీమ అంటారు. ఇక్కడ లెక్క పాత ఉమ్మడి జిల్లాలది. చీరాలలో డిగ్రీ చదివినమ్మాయి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా ఓటు ఇందులోనే. పైగా ఈ ఓటరు జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. డిగ్రీ అయి మూడేళ్ళు దాటినవాళ్ళు ఫారం 18 మళ్ళీ పెట్టుకోవాలి. పాత జాబితాలో పేరుందిలే అనుకుని 2023 మార్చిలో ఓటు పోగొట్టుకున్న మిత్రులు నాకున్నారు. లెక్చరర్ పోస్టుల గురించో, ఫీజు బకాయిల గురించో మండలిలో మాట్లాడాల్సిన మనిషి ఎవరో వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు కొంచెం ఎక్కువసేపు చెప్పాల్సిన సంగతికి వస్తాను. ఆన్‌లైన్‌లో ఓటరు కార్డు నంబరు కొడితే నియోజకవర్గం, భాగం సంఖ్య, వరుస సంఖ్య వస్తాయి. 1950కి ఫోన్ చేసినా చెబుతారు. స్మార్ట్‌ఫోన్, కార్డు రెండూ ఉన్నవాళ్ళకు అది సగం దారి. మిగతా సగం, అంటే ఆ నియోజకవర్గం ఎమ్మెల్యే ఎవరు, ఆఫీసు ఎక్కడ అన్నది, వేరేచోట వెతుక్కోవాలి. మరి కార్డే లేనివాళ్ళు?

నెల్లూరు జిల్లాలో చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, రొయ్యల గుంటల పక్కన యానాది గిరిజన కుటుంబాలు ఉంటాయి. చాలా గుడిసెలకు డోర్ నంబరు ఉండదు. పని ఎక్కడుంటే అక్కడికి పోతారు. ఆధార్ లేక రేషన్ కార్డు రాదు, ఏ కాగితమూ లేక ఆధార్ రాదు. రాష్ట్రంలో ఏడు అసెంబ్లీ సీట్లు ఎస్టీలకు కేటాయించారు గానీ అవన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి మన్యం వైపే. ఇంతమంది యానాదులున్న నెల్లూరులో ఒక్కటీ లేదు. అంటే వాళ్ళ మాట సభలో వినపడాలంటే జనరల్ సీటు నుంచో ఎస్సీ సీటు నుంచో గెలిచిన ఎమ్మెల్యేనే మాట్లాడాలి. ఆ ఎమ్మెల్యే ఎవరో వాళ్ళకు తెలియదు. వాళ్ళ గుడిసె తన నియోజకవర్గంలో ఉందని ఎమ్మెల్యేకూ తెలియకపోవచ్చు. ఓటు లేని చోటికి ఎన్నికలప్పుడు కూడా ఎవరూ పోరు.

ఎమ్మెల్యే ఓటు వేసినవాళ్ళకు మాత్రమే ఎమ్మెల్యే కాదు. ఆ హద్దులో ఉన్న పసిపిల్లకు, ఓటు నమోదు కానివాడికి, నిన్న అద్దెకు దిగినవాడికి, అందరికీ ఆయనే ప్రతినిధి. సీట్లు పంచేటప్పుడు రాజ్యాంగం చూసేది ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. అందుకని ఇంటిని ఎమ్మెల్యేతో కలపడానికి ఓటరు కార్డు ఒక్కటే తాళంచెవి కాకూడదు. ఊరు చెబితే చాలు, చెరువు కట్ట పేరు చెబితే చాలు అన్నట్టు ఉండాలి. గోడ మీద బోర్డు అయితే కార్డు అడగదు, ఓటీపీ అడగదు. చదవడం రాకపోతే పక్కవాళ్ళు చదివి చెబుతారు.

దీనికి కొత్తగా సర్వేలు అక్కర్లేదు. ఏ మండలంలో ఏ ఊరు ఏ అసెంబ్లీ కిందికి వస్తుందో డీలిమిటేషన్ ఆర్డరులోనే ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ డైరెక్టరీలో ఊరూరికీ కోడ్ ఉంది. బూత్ వారీగా ఓటర్ల జాబితా చూసే బీఎల్వోలు ఉన్నారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఏ పథకానికి ఎవరు అర్హులో జాబితాలు గోడకు అంటిస్తూనే ఉన్నారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్ర చట్టసభ వాళ్ళు జనం కోసం ఆన్‌లైన్‌లో ఒక సదుపాయం పెట్టారు. ఇంటి అడ్రసు ఇస్తే ఆ ఇంటికి స్టేట్ హౌస్ సభ్యుడు ఎవరో, సెనేటర్ ఎవరో, వాషింగ్టన్లో ఉండే ప్రతినిధి ఎవరో ఒకేచోట చూపిస్తుంది. డాలస్‌లో ఉన్న మన నెల్లూరు పిల్లలు అక్కడి ప్రతినిధిని క్షణంలో కనుక్కుంటారు. ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలకు మాత్రం ఆ సుఖం లేదు.

"ఎమ్మెల్యేతో పనేముంది? సోమవారం గ్రీవెన్స్ ఉందిగా" అనేవాళ్ళూ ఉన్నారు. నెల్లూరు కలెక్టరేట్లో తిక్కన ప్రాంగణం ముందు సోమవారం పొద్దున నిలబడితే ఆ క్యూ కనిపిస్తుంది. కలెక్టరుకు అర్జీ ఇవ్వడం మంచిదే, ఇవ్వాలి కూడా. అయితే కలెక్టరు ఈ ఏడాది ఉంటారు, వచ్చే ఏడాది బదిలీ మీద పోతారు. ఆ అర్జీకి ఫలానా తేదీన ఎండార్స్‌మెంట్ ఇచ్చాం అని ఫైలు మూసేయొచ్చు. ఎమ్మెల్యే చెయ్యగలిగిన పని వేరు. చప్టా ఎందుకు కట్టలేదని సభలో ప్రశ్న వేస్తే సంబంధిత మంత్రి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో ఉంటుంది. జెడ్పీ సమావేశంలో కూర్చుని ఇంజనీరును నిలదీయొచ్చు. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ మన గుమ్మం ముందుకే రావాలి. ఆ జవాబుదారీ కలెక్టరాఫీసు ఇవ్వలేదు. ఎవరిని అడగాలో తెలియనివాడి దగ్గర ఆ ఆయుధం ఉన్నా లేనట్టే.

ఇంకో మాట. సగం పల్లె హైదరాబాదు, బెంగళూరు పోయి బేల్దారి పనులు చేసుకునే పశ్చిమ ప్రకాశంలో పోలింగ్ రోజు బస్సులు కిక్కిరిసిపోతాయి. 2024 మే 13న కూడా అలాగే వచ్చారు. రాష్ట్రంలో పోలింగ్ ఎనభై శాతం దాటింది. అంత కష్టపడి వచ్చి ఓటేసే జనానికి, మరుసటి రోజు నుంచి ఆ ఓటు ఎవరి దగ్గరుందో చూపించే కాగితం ముక్క లేదు.

ఇది ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, నియోజకవర్గాల హద్దులు కూడా ఎల్లకాలం ఇలాగే ఉండవు. 2026 తర్వాతి మొదటి జనగణన దాకా వాటిని కదపకూడదని 84వ రాజ్యాంగ సవరణ ఆపింది. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ మన అసెంబ్లీ సీట్లను 175 నుంచి 225కు పెంచాలని రాసింది. ముందే పెంచమని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎప్పుడు జరిగినా యాభై కొత్త సీట్లంటే నెల్లూరు, ప్రకాశంలో గీత జరగని మండలం అరుదుగా ఉంటుంది. కమిషన్ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ పెడుతుంది. ఆ రోజు అక్కడ నాయకులు, వాళ్ళ మనుషులు తప్పకుండా ఉంటారు. కలువాయి నుంచో, ఉలవపాడు నుంచో, ముత్తుకూరు నుంచో ఒక మామూలు రైతు లేచి 'మా ఊరిని ఇక్కణ్ణుంచి తీయొద్దు' అనాలంటే ముందు ఇప్పుడు ఏ సీటులో ఉన్నాడో తెలిసి ఉండాలి.

కాబట్టి వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో మా సచివాలయానికి ఈ బోర్డు కావాలని అర్జీ ఇస్తున్నాను. అదే కాగితం రెండో కాపీ మా ఎమ్మెల్యేకు పంపుతున్నాను, దీని మీద సభలో ప్రశ్న వెయ్యమని. మీరూ రాయండి. మీ ఓటరు కార్డు వెనక్కి తిప్పితే నియోజకవర్గం నంబరు ఉంటుంది. ప్రకాశం పాత పన్నెండు సీట్లు 102 ఎర్రగొండపాలెం నుంచి 113 కనిగిరి దాకా, నెల్లూరు పాత పది సీట్లు 114 కావలి నుంచి 123 ఉదయగిరి దాకా. అర్జీ పై వరసలో ఆ నంబరు, ఊరు, భాగం సంఖ్య రాస్తే 'మా కింద రాదు' అని తిప్పి పంపడం కష్టం.